దేవుని చిత్తము ఎవరికి తెలియును?

ధ్యాన భాగములు: రోమా 12:1–8, అపొ. కార్యములు 16:6–15



అప్పనపల్లి మొదలుకొని ఈ లంకలోని గ్రామములలో ఇంటింటి ప్రార్థనలకు వెళ్ళునప్పుడు మేము తరచుగా వినెడు ప్రశ్న యొకటి కలదు. "అయ్యగారూ, ఇది దేవుని చిత్తమేనంటారా?" అని. పిల్లకు సంబంధము వచ్చినప్పుడు అడుగుదురు. వరిచేనును రొయ్యల చెరువు చేయుటకు లీజుకిమ్మని ఎవరైన వచ్చినప్పుడు అడుగుదురు. కువైటు నుండి వీసా వచ్చినదని ఏజెంటు కబురు పంపినప్పుడు మరి యెక్కువగా అడుగుదురు. ఈ ప్రశ్న అడుగువారిని మేము తక్కువగా చూడము. అంతయు నిర్ణయించుకొని, బయానా కూడ ఇచ్చివేసి, పిమ్మట "ఒక్క ప్రార్థన చేసి వెళ్ళండి" అని పాస్టరును పిలుచువారు అనేకులు. వారికంటె వీరు మేలు.

అయినను ఈ ప్రశ్న వచ్చెడు వేళను గమనించుడి. మామూలు సోమవారము నాడు దీనిని అడిగినవారిని మేమెరుగము. కూలి డబ్బు పంచునప్పుడు, కాటా పట్టునప్పుడు, అత్త కోడలితో మాటలాడునప్పుడు, ఇది దేవుని చిత్తమా అని ఎవరును అడుగరు. జీవితములో నాలుగైదు పెద్ద దినములను గూర్చి మాత్రమే దేవునికి ఒక చిత్తమున్నదనియు, తక్కిన దినములు మనవే అనియు అనుకొనుచున్నట్లున్నది. ఆ పెద్ద దినము వచ్చినప్పుడు ఒక్కసారిగా ఆయన స్వరము కొరకు చెవి యొగ్గుదుము. అలవాటు లేని చెవికి ఏమియు వినబడదు. వినబడకపోవుటచేత భయపడి దొడ్డిదారులు వెదకుదుము.

అపొస్తలుడైన పౌలు రోమాలోని విశ్వాసులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయపు మొదటి రెండు వచనములను మీ బైబిలులో తెరచి, అందలి వరుసను చూడుడి. అంతకు ముందు 11 అధ్యాయములలో తాను విప్పి చెప్పిన దేవుని కనికరమును మొదట జ్ఞాపకము చేయుచున్నాడు. తరువాత, మన దేహములను బ్రదికియున్న అర్పణగా ఆ దేవుని చేతికి ఇచ్చివేయుడని వేడుకొనుచున్నాడు. ఆ పిమ్మట, లోకము తన అచ్చులో మనలను పోతపోయనీయక, లోపలి మనస్సు క్రొత్తది కావలెననుచున్నాడు. ఇదంతయు అయిన పిమ్మట, కట్టకడపట, దేవుని చిత్తమేదో పరీక్షించి ఎరుగు శక్తిని గూర్చి చెప్పుచున్నాడు.

మనము ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నాము. ముందు చిత్తమేమిటో చూపుము ప్రభువా, నాకు నచ్చినయెడల అప్పుడు నన్ను అర్పించుకొందునని మన ప్రార్థన. సంతలో వస్తువును చేతితో తిప్పి చూచి, ధర కుదిరినయెడల కొనువాని వలె దేవుని యొద్దకు వచ్చుచున్నాము. దేవుడు తన చిత్తమును బేరమునకు పెట్టడు. యోహాను సువార్త 7వ అధ్యాయములో మన ప్రభువు కూడ ఇదే వరుసను చెప్పెను: తండ్రి చిత్తము చేయ నిశ్చయించుకొనినవానికి ఆ బోధ ఎక్కడనుండి వచ్చినదో తెలియును. చేయుటకు సిద్ధపడుట ముందు, తెలిసికొనుట వెనుక.

మరియు పౌలు హృదయమును అర్పించుడని చెప్పక దేహమును అర్పించుడని చెప్పుట విచిత్రముగా లేదా? హృదయమును అర్పించితిమని చెప్పుట సులభము. ఎవరును దానిని తెరచి చూడరు. దేహమనగా చెట్టెక్కు కాళ్ళు, ఊడ్పులు ఊడ్చు చేతులు, తీర్పరుల యెదుట సాక్ష్యము చెప్పు నాలుక, కొబ్బరి పీచు దుమ్ములో పనిచేయు ఊపిరి. తెల్లవారి లేచినది మొదలు చాప పరచుకొను వరకు ఈ దేహము ఎక్కడికి పోవునో, ఏమి ముట్టునో, ఎవరిని కొట్టునో అదియే అర్పణ. దేవుని చిత్తము మొదట అక్కడ వ్రాయబడును.

పరీక్షించి తెలిసికొనుట అనగా నేమి? మన ప్రాంతమువారికి దీనిని వివరింప నక్కరలేదు. అంబాజీపేట కొబ్బరి వర్తకుని చూడుడి. అటకమీద నెలల తరబడి నిలువ చేసిన కాయను తీసి చెవియొద్ద ఆడించును. లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను విడిచి గుండుగా కదలిన చప్పుడు విని, ఇది కురిడీ అయినదనియు, ఇది ఇంకను కాలేదనియు, ఇది లోపల కుళ్ళినదనియు చెప్పును. కాయను పగులగొట్టి చూడడు. ఆ చెవి అతనికి ఎక్కడనుండి వచ్చెను? వేలకొలది కాయలను చేతపట్టి ఆడించుటవలన వచ్చెను. పెద్ద బేరము వచ్చిన దినమున మాత్రమే కాయను ముట్టినవానికి ఆ చప్పుడు తెలియదు.

హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 5వ అధ్యాయపు చివరను ఈ సంగతియే కలదు. పాలు త్రాగు పసివానికిని, గట్టి ఆహారము తిను పెద్దవానికిని భేదమేమని అడిగినయెడల, పెద్దవాడు అభ్యాసముచేత మేలు కీడులను వేరుచేసి గుర్తించు జ్ఞానేంద్రియములు గలవాడని ఆ గ్రంథకర్త చెప్పుచున్నాడు. బాప్తిస్మము పొంది 20 సంవత్సరములైనది గనుక ఎదిగితిమని మనము అనుకొందుము. ఏండ్లు గడచుట ఎదుగుట కాదు. కొబ్బరి మొక్కను నాటినయెడల మన దేశవాళీ చెట్టు ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. పూత పూసిన పిమ్మట కాయ ముదురుటకు మరియొక సంవత్సరము. ఆ యేండ్లన్నియు చెట్టు ఊరకుండలేదు. ఒక్కొక్క మట్ట రాలి, మ్రానుమీద ఒక్కొక్క గాటు విడిచి, కొంచెము కొంచెముగా పైకి పోవుచుండెను. ఆ గాట్లమీద కాలు మోపియే గదా దింపు పనివారు పైకి ఎక్కుచున్నారు! మనము విడిచిపెట్టిన వ్యసనము, మింగుకొనిన కోపము, తిరిగి ఇచ్చివేసిన డబ్బు, ఇవియే మన గాట్లు.

దేవుని చిత్తములో ఎక్కువ భాగము దాచబడలేదు. మనము పరిశుద్ధులమై దేహమును పవిత్రముగా కాపాడుకొనుట ఆయన చిత్తమని థెస్సలొనీకయ మొదటి పత్రిక 4వ అధ్యాయము తేటగా చెప్పుచున్నది. కృతజ్ఞత గలిగియుండుట ఆయన చిత్తమని 5వ అధ్యాయము చెప్పుచున్నది. న్యాయము, కనికరము, దేవునితో అణకువగా నడచుట తప్ప మరేమియు ఆయన కోరలేదని మీకా ప్రవక్త 6వ అధ్యాయములో తేల్చివేసెను. ఇవి తెలిసికొనుటకు ఉపవాస కూటము అక్కరలేదు. దింపువానికిని ఒలుపువానికిని సాయంకాలమే కూలి ఇచ్చుట దేవుని చిత్తమా అని ఎవరైన మూడు దినములు కనిపెట్టవలెనా? ప్రభురాత్రి భోజనపు బల్లయొద్ద ఒకే రొట్టెను విరిచి, వారము తిరుగకమునుపే పెండ్లి పందిరిలో పేటకు ఒక వరుసగా వేర్వేరు కూర్చుండుట ఆయన చిత్తమో కాదో తెలియదా? తెలిసిన చిత్తమును ప్రక్కకు నెట్టి, తెలియని చిత్తమును చూపుమని ఏడ్చువానికి దేవుడు ఏమి చూపును?

ఇక దొడ్డిదారులను గూర్చి కొంచెము చెప్పవలెను. చీట్లు వేయుట మన సంఘములలో కలదు. కన్నులు మూసికొని బైబిలు తెరచి వ్రేలు పెట్టి, వ్రేలు పడిన వచనమును దేవుని జవాబుగా తీసికొనుట కలదు. నూతన సంవత్సరపు రాత్రి తీసికొనిన వాగ్దానపు కార్డును జాతకము వలె సంవత్సరమంతయు చూచుకొనుట కలదు. ఆదివారము ఆరాధనకు వచ్చి, మంగళవారము పంచాంగము చెప్పువానిని చాటుగా అడుగుట కూడ కలదు; దానిని గూర్చి ఇక్కడ వ్రాయుటకు స్థలము చాలదు.

చీట్లు వేయువారు మాకు గిద్యోనును చూపుదురు. న్యాయాధిపతుల గ్రంథము 6వ అధ్యాయమును మొదటినుండి చదువుడి. గొఱ్ఱెబొచ్చును కళ్ళమున పరచుటకు చాల ముందే దేవుడు గిద్యోనుతో పోయి ఇశ్రాయేలును రక్షింపుమని చెప్పియుండెను. అతనికి చిత్తము తెలియదని కాదు, తెలిసి భయపడెను. దేవుడు ఆ భయస్థుని యెడల ఓపిక చూపెను. ఆ ఓపిక మనకు ఆదరణయే గాని, ఆ బొచ్చు మనకు పద్ధతి కాదు. మత్తీయను ఎన్నుకొనుటకు శిష్యులు చీట్లు వేసిరి, నిజమే. అది పెంతెకొస్తు దినమునకు ముందు. పరిశుద్ధాత్మ వచ్చిన పిమ్మట సంఘము మరల చీట్లు వేసినట్లు అపొస్తలుల కార్యములలో ఎక్కడను లేదు. ప్రభువు నాతో చెప్పెనని ఇంటింటికి వచ్చి పెండ్లిండ్లు కుదుర్చువారును, కానుక కవరు పుచ్చుకొని వెళ్ళువారును ఉన్నారు. ప్రవచనమును తృణీకరింపవద్దని చెప్పిన పౌలే, ఆ వెంటనే సమస్తమును పరీక్షింపుడని చెప్పెను.

ఈ మధ్య మా సంఘములలో ఒకదానియందు జరిగిన సంగతిని, ఆ కుటుంబమువారి అనుమతితో, పేరు చెప్పక ఇక్కడ వ్రాయుచున్నాము. భర్త దింపు పనివాడు. తడిసిన చెట్టుమీదనుండి జారిపడి తుంటి విరిగినది. ఆసుపత్రి ఖర్చులకు వడ్డీకి తెచ్చిరి. డ్వాక్రా అప్పు వాయిదాలు నిలిచినవి. ఇద్దరు పిల్లలు. భార్యకు 26 సంవత్సరములు. కువైటులో ఇంటిపనికి పంపెదనని ఒక ఏజెంటు వచ్చెను. రెండు చీట్లు వ్రాసి, ప్రార్థించి, చిన్న పిల్లచేత తీయించిరి. ఆ సహోదరి మాతో ఇట్లనెను: "అయ్యగారూ, 'వెళ్ళు' అనే వచ్చిందండి. మరి నాకు నిద్ర పట్టడం లేదేంటండి?"

గల్ఫు దేశములకు వెళ్ళుట పాపమని మేము బోధింపము. ఈ కోనసీమలో ఎన్ని పాకలు డాబాలైనవో, ఎందరు బిడ్డలు చదువుకొనిరో, ఎన్ని ప్రార్థన మందిరములకు పైకప్పు పడెనో, అదంతయు ఎడారి ఎండలో పరుల వంటయింట మన సహోదరీలు కార్చిన చెమట. వారిని తేలికగా మాటలాడువారు ఆ మందిరపు ఫ్యాను క్రింద కూర్చుండకుందురు గాక. అయితే ఆ చీటీని ప్రక్కనుంచి, పాస్‌పోర్టును తెమ్మని మేము అడిగితిమి. ఇంటిపనికి ఆ దేశములకు వెళ్ళు స్త్రీకి 30 సంవత్సరములు నిండవలెనని మన ప్రభుత్వ నియమము. మన ఆడబిడ్డలకు జరిగిన అన్యాయముల మూలముగానే అట్టి నియమములు వచ్చినవి. ఈమెకు 26. "ఆ సంగతి మేము చూసుకుంటాం, చుట్టపుచూపు వీసా మీద ఎక్కిస్తాం, అడిగితే అక్క ఇంటికి వెళ్తున్నానని చెప్పాలి" అని ఏజెంటు చెప్పెనట.

ఇప్పుడు చెప్పుడి, ఇది తెలియని చిత్తమా? అబద్ధమాడవద్దని ఆజ్ఞయిచ్చిన దేవుడు, అబద్ధము చెప్పినగాని తెరువబడని తలుపును ఈమె కొరకు తెరచెనని ఎట్లు చెప్పగలము? అట్లు వెళ్ళినవారికి అక్కడ దెబ్బ తగిలిన దినమున ఏ కాగితము చూపి ఎవరిని అడుగుదురు? ఆమెకు నిద్ర పట్టకపోవుట అవిశ్వాసము కాదు. చిన్ననాటినుండి ఆదివారపు బడిలో నేర్చుకొనిన వాక్యము ఆమె లోపల కాయలో కురిడీ వలె చప్పుడు చేయుచున్నది. చీటీ 'వెళ్ళు' అని చెప్పుచుండగా ఎదిగిన మనస్సు ఆగుమని చెప్పెను. మేము ఆ మనస్సునే నమ్ముమని చెప్పితిమి.

ఈ మాట ఆమె భర్తకు నచ్చలేదు. "అయ్యగారికి చెప్పడం తేలికేనండి. అప్పు మీది కాదు కదా" అనెను. ప్రియులారా, ఆ మాటకు మేము కోపగించుకొనలేదు, ఏలయనగా అది న్యాయమైన మాట. చిత్తము తెలియజెప్పి, ప్రార్థన చేసి, చేతులు దులుపుకొని వచ్చినయెడల, చలికి వణకువానితో వెచ్చగా నుండుమని చెప్పి పంపివేయువానికిని మాకును భేదమేమి? యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో అట్టివారిని ఏమనెనో మీరెరుగుదురు.

ఇక్కడ రోమా 12వ అధ్యాయములో మనము దాటిపోవు చిన్న సంగతి యొకటి కలదు. దేహములు అని పౌలు బహువచనములో వ్రాసి, అర్పణ అని ఏకవచనములో వ్రాసెను. అనేకుల దేహములు, ఒక్క అర్పణ. ఆ వెంటనే, మూడవ వచనము మొదలుకొని, మనము ఒకే శరీరమునకు అవయవములమనియు, ఒకనికి ఇచ్చుట, ఒకనికి ఉపచారము, ఒకనికి కనికరించుట వరమనియు చెప్పుచున్నాడు. దేవుని చిత్తమును పరీక్షించుట ఒక్క ఇంటిలో తలుపు మూసికొని చేయు పని కాదని దీని భావము. ఆ సహోదరి వెళ్ళకూడదన్నది దేవుని చిత్తమైనయెడల, ఆమె వెళ్ళకుండ బ్రదుకుటకు కావలసినది చేయుట సంఘమునకు దేవుని చిత్తము. ఒకటి ఆమెకు చెప్పి, రెండవది మనము మింగివేయుటకు వీలులేదు.

కావున సంఘపెద్దలు ఇద్దరు అప్పిచ్చినవాని యొద్దకు వెళ్ళి, వడ్డీ నిలుపుమని బతిమాలిరి. సగము నిలిపెను. బియ్యపు గుప్పెడు కానుకను మూడు నెలలు ఆ యింటికి ఇచ్చుటకు స్త్రీల సమాజము తీర్మానించినది. పీచు మిల్లులో ఆమెకు పని దొరకునేమో అని విచారించుచున్నారు. ఇది కువైటు జీతము కాదు. దానితో పోల్చనే కూడదు. మేము దానిని దాచము.

తలుపు మూయబడినప్పుడు కలుగు బాధను పౌలు ఎరుగును. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో అతడును సీలయును తిమోతియు ఆసియలో వాక్యము చెప్పకుండ పరిశుద్ధాత్మ ఆపెను. బితూనియకు పోవ ప్రయత్నించిరి, అక్కడను ఆపెను. మంచి పనికే బయలుదేరిరి, ప్రార్థించియే బయలుదేరిరి, అయినను రెండుమారులు అడ్డు. ఎందుకో వారికి చెప్పబడలేదు. వారు చేసినదెల్లను, నడచుట మానకపోవుట. త్రోయ రేవు వరకు వచ్చిరి. అక్కడ గాని రాత్రి దర్శనము రాలేదు. ఇంటియొద్ద కూర్చుండినయెడల వచ్చెడిది కాదేమో.

వేసవిలో మన కాలువలు కట్టివేయుదురు. ధవళేశ్వరమునుండి బయలుదేరి, గన్నవరము అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి మన లంకకు వచ్చు నీరు ఆగిపోవును. కాలువ అడుగు బయటపడి, బురద ఎండి, పశువులు నీటికై తిరుగును. ఎరుగనివాడు చూచి ఈ ఊరికి ఇక నీరు రాదనుకొనును. గట్లు బాగుచేయుటకును, పూడిక తీయుటకును, లాకులు సరిచేయుటకును కట్టిరని రైతు ఎరుగును. మూసిన దేవుడు పని మానలేదు. ఆసియ తలుపు కూడ శాశ్వతముగా మూయబడలేదు. 19వ అధ్యాయమునకు వచ్చినయెడల అదే ఆసియలో, ఎఫెసు పట్టణమున, పౌలు రెండేండ్లకు పైగా బోధించుచుండెను. బితూనియలో కూడ విశ్వాసులుండిరని పేతురు మొదటి పత్రిక తొలి వచనమే చెప్పుచున్నది. అక్కడికి పౌలు వెళ్ళినట్లు వ్రాయబడలేదు. దేవునికి పౌలు ఒక్కడే పనివాడు కాడు.

ఈ గోదావరి మండలమునకు సువార్త వచ్చిన విధమును తలంచుడి. ఇంగ్లాండులోని ఎక్సెటరు పట్టణమున ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ అను దంతవైద్యుడుండెను. మంచి రాబడి గల వృత్తిని విడిచి, 1829లో భార్యాబిడ్డలతో బాగ్దాదునకు సువార్తకై వెళ్ళెను. 1831లో అక్కడ మహామారి వచ్చెను, నది పొంగెను. అతని భార్య ఆ రోగముచేత మరణించెను. దేవుని చిత్తమునకు గుర్తు సౌఖ్యమే అయినయెడల, బాగ్దాదు ప్రయాణము పొరపాటని అందరును చెప్పవలసినదే. అతడు 1833లో మన దేశమునకు వచ్చి ఇక్కడి అవసరమును చూచి, స్వదేశమునకు పోయి, 1836లో తోడి పనివారిని వెంటబెట్టుకొని వచ్చెను. వారిలో విలియము బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు తమ భార్యలతో మచిలీపట్నమునకును, అక్కడనుండి నరసాపురమునకును వచ్చిరి. నరసాపురము మన సఖినేటిపల్లి రేవునకు ఎదుటి గట్టుననే యున్నది గదా. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టువాడు. చెప్పులు కుట్టు చేతిని ఊరి వెలుపల ఉంచిన మన దేశమునకు దేవుడు ఎవనిని పంపెనో చూచితిరా! మొదటి సంవత్సరములలో వారికి ఫలము మిక్కిలి కొంచెము. 1847లో ఆర్థరు కాటను దొరగారి క్రింద ధవళేశ్వరము ఆనకట్ట పని ప్రారంభమైనప్పుడు అక్కడ చేరిన కూలీల మధ్య వారు వాక్యము చెప్పిరి. ఆనకట్ట 1852లో ముగిసెను. నేడు మన పొలములకు వచ్చు నీరును, మన పేటలకు వచ్చిన వాక్యమును ఒకే పనిస్థలముమీదుగా ప్రవహించినవని చెప్పుకొనవచ్చును.

ఇక్కడ ఒక హెచ్చరిక. మూయబడిన తలుపు వేరు, కూలిపోయిన ఇల్లు వేరు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫానులో కొబ్బరిచెట్లు తోటలు తోటలుగా పడిపోయి, వందలకొలది మనుష్యులు మరణించినప్పుడును, 2014 జూను 27వ తేదీ తెల్లవారుజామున మన నగరములో గ్యాసు గొట్టము పేలి నిద్రించువారు నిద్రలోనే కాలిపోయినప్పుడును, అంతయు దేవుని చిత్తము అని తేలికగా పలికినవారున్నారు. వారి పాపము పండినదని కూడ కొందరు పలికిరి. సిలోయములో గోపురము పడి మరణించినవారిని గూర్చి అట్టి మాటనే తలంచినవారికి మన ప్రభువు లూకా 13వ అధ్యాయములో ఏమి జవాబిచ్చెను? వారు ఇతరులకంటె పాపులు కారని ఖండితముగా చెప్పెను. మనుష్యుల అజాగ్రత్తకు దేవుని పేరు పెట్టకూడదు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లియొద్ద మనకు తెలిసిన దేవుని చిత్తము ఒక్కటే, ఏడ్చువారితో ఏడ్చుట. అదియు రోమా 12వ అధ్యాయములోనే యున్నది.

త్రోయకు తిరిగి వచ్చెదము. ఆ రాత్రి దర్శనము చూచినవాడు పౌలు ఒక్కడే. మాసిదోనియవాడు ఒకడు నిలిచి సహాయమునకు పిలుచుచుండెను. అయితే మరునాడు ఏమి జరిగెను? పదవ వచనమును నిదానముగా చదువుడి. చూచినవాడు ఒకడు, దానినిబట్టి దేవుడు తమ్మును పిలిచెనని నిశ్చయించుకొనినవారు అందరు. గ్రంథము వ్రాసిన లూకా ఆ వచనములోనే మొదటిసారిగా 'మేము' అని వ్రాయ నారంభించుచున్నాడు. అపొస్తలుడంతటివాడు తన దర్శనమును తోడివారి ముందు పెట్టెను. నాకు దేవుడు చెప్పెను, మీరెవరు అడుగుటకు, అనలేదు.

వారు ఓడ యెక్కి ఫిలిప్పీ చేరిరి. దర్శనములోని ఆ మనుష్యుడు రేవులో ఎదురు రాలేదు. కొన్ని దినములు ఊరక గడచినవి. విశ్రాంతి దినమున ఊరి బయట నదియొద్ద ప్రార్థన జరుగునేమో అని వెళ్ళిరి. అక్కడ మగవాడు గూర్చి వ్రాయబడలేదు. కొందరు స్త్రీలు కూర్చుండి యుండిరి. వారిలో ఊదారంగు పొడి అమ్ముకొను లూదియ అను ఆమె హృదయమును ప్రభువు తెరచెను. ఆమె ఊరు తుయతైర. ఆ ఊరు ఎక్కడిదో తెలియునా? పౌలు పోకుండ ఆపబడిన ఆ ఆసియలోనిదే.

ఆ సహోదరి తన నిర్ణయమును ఇంకను చెప్పలేదు. ఏజెంటు ఈ నెలాఖరు వరకు గడువు ఇచ్చియున్నాడు. ఆమె భర్త మాతో మాటలాడుట మానలేదు. పోయిన ఆదివారము కఱ్ఱ ఊతతో ఆరాధనకు వచ్చి వెనుక కూర్చుండెను. ఈ నెల శుక్రవారపు కూటములన్నియు వారి యింటి అరుగుమీదనే జరుగును. చాపలును దీపములును సంఘపెద్దలు తెచ్చెదరు. టీ కాచు పని ఆమెకు పెట్టవద్దని స్త్రీల సమాజమువారిని కోరుచున్నాము.